కొత్తగా డీజే నేర్చుకునేవారికి మొదటి పరికరం: నలభై వేలలో ఏది కొనాలి?

ఓరుగల్లు_బీటు:
అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఉంటాను, ఉద్యోగంలో చేరి ఏడాది కావస్తోంది. ఒక పాటలోంచి మరో పాటలోకి వినేవారికి అతుకు తెలియకుండా జారిపోయే విద్య నేర్చుకోవాలని కాలేజీ రోజుల నుంచి కోరిక ఉంది. ఇన్నాళ్లకు నలభై వేల రూపాయలు పక్కన పెట్టగలిగాను. లాప్‌టాప్ ఉంది, అది విండోస్‌ది, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. ముందు ఇంట్లో సాధన చేస్తాను, కుదిరితే వచ్చే ఏడాది మా బంధువుల పెళ్లిలో సంగీత్‌కు ఒక గంట వాయించాలని ఆశ. పాటలు కలపడానికి లాప్‌టాప్‌కు తగిలించే కంట్రోలర్ గురించి దుకాణాల్లో అడిగితే ఒకరు పది వేలకే వచ్చే చిన్న పెట్టెను చూపించారు, మరొకరు లక్షన్నర లేనిదే ఈ పనిలోకి దిగవద్దన్నారు. ఈ రెండింటి మధ్య నాకు సరిపడేది ఏదో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

కోఠి_కేబుల్:
నేను హైదరాబాద్‌లో సౌండ్ సిస్టమ్ అద్దెకు ఇస్తాను. డీజేను కాను గాని, డీజేలు తెచ్చే పరికరాలన్నీ చివరికి నా మిక్సర్‌లోకే వచ్చి చేరతాయి కాబట్టి వాటి మంచిచెడ్డలు నాకు బాగా తెలుసు. కంపెనీ పేరు చూసే ముందు ఆ పరికరంలో సొంత సౌండ్‌కార్డు ఉందో లేదో చూడండి. కొత్తవారు ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

డీజే చేసే పనంతా రెండు వినికిళ్ల మీద నడుస్తుంది. జనం వింటున్న పాట పెద్ద స్పీకర్లలో పోతుంటే, తరువాత రాబోయే పాటను డీజే ఒక్కడే హెడ్‌ఫోన్‌లో విని సిద్ధం చేసుకుంటాడు. దీన్నే క్యూ అంటారు. ఒకే సమయంలో రెండు వేర్వేరు శబ్దాలు రెండు దారుల్లో బయటికి రావాలంటే పరికరంలోనే సౌండ్‌కార్డు ఉండాలి, వెనుక స్పీకర్లకు ఆర్‌సీఏ జత (ఎరుపు, తెలుపు గుండ్రని రంధ్రాలు), ముందు హెడ్‌ఫోన్ రంధ్రం ఉండాలి. ఉదాహరణకు పయనీర్ డీజే వారి డీడీజే-200లో సౌండ్‌కార్డు లేదు. దానితో క్యూ వినాలంటే శబ్దాన్ని రెండుగా చీల్చే కేబుల్ వాడాలి, అప్పుడు స్టీరియో కాస్తా మోనో అయిపోతుంది. ఫోన్‌తో సరదాగా నేర్చుకోవడానికి అది పనికి వస్తుందేమో గాని, పెళ్లి పందిరికి తీసుకురావద్దని నా మనవి.

తరువాత చూడవలసింది ఈక్యూ, అంటే పాటలోని సన్నని, మధ్య, లావు శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించేది. ఒక్కో ఛానల్‌కు (ఒక్కో పాట నడిచే దారికి) హై, మిడ్, లో అని మూడు నాబ్‌లు విడివిడిగా ఉండాలి. కొన్ని చవక పెట్టెల్లో బేస్‌కు ఒక నాబ్, ఫిల్టర్‌కు ఒక నాబ్ ఇచ్చి సరిపెడతారు. రెండు పాటల బేస్ ఒకేసారి మోగితే హాలంతా బురదలా వినిపిస్తుంది. ఒకదాని బేస్ దించుతూ రెండోదాని బేస్ ఎత్తడమే మిక్సింగ్‌లో సగం పని. ఆ పని నేర్వడానికి మూడు నాబ్‌లూ ఉండాలి.

రాత్రి_పది:
పైవారి మాటే నా మాట కూడా. నేను విజయవాడ చుట్టుపక్కల పదకొండేళ్లుగా పెళ్లిళ్లకు వాయిస్తున్నాను. తమ్ముడూ, నీ బడ్జెట్‌లో నేనైతే డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్4 తీసుకుంటాను. ముప్పై వేలు దాటుతుంది, మిగిలిన దానిలో హెడ్‌ఫోన్‌లు, కేబుళ్లు సర్దుకోవచ్చు. రెండు ఛానళ్లు, మూడు ఈక్యూ నాబ్‌లు, ఒక్కో వైపు ఎనిమిది ప్యాడ్‌లు (వేలితో కొట్టే బటన్లు), ఒక మైక్ రంధ్రం ఉంటాయి. లాప్‌టాప్ నుంచే కరెంటు తీసుకుంటుంది కాబట్టి వేరే అడాప్టర్ వెతుక్కునే బాధ లేదు.

దీన్ని చెప్పడానికి అసలు కారణం వేరే ఉంది. దీన్ని కలిపితే రికార్డ్‌బాక్స్ సాఫ్ట్‌వేర్‌లో వాయించే భాగం ఉచితంగా తెరుచుకుంటుంది. క్లబ్బుల్లో ఉండే సీడీజేలు (డీజేలు వాడే పెద్ద ప్లేయర్లు) కూడా రికార్డ్‌బాక్స్‌లో సిద్ధం చేసిన పెన్‌డ్రైవ్‌నే చదువుతాయి. ఇంట్లో పెట్టుకున్న హాట్ క్యూలు (పాటలో గుర్తు పెట్టుకున్న చోట్లు), బీట్ గీతలు (ప్రతి బీటు దగ్గరా సాఫ్ట్‌వేర్ గీసే గీతలు), ప్లేలిస్టులు అన్నీ అలాగే అక్కడికి వెళతాయి. రేపు ఏ పబ్బులోనైనా అవకాశం వస్తే జేబులో పెన్‌డ్రైవ్, మెడలో హెడ్‌ఫోన్ ఉంటే చాలు. అయితే పెన్‌డ్రైవ్‌ను ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేయడం మరిచిపోకు. కొత్తగా కొన్న పెద్ద పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. పాత సీడీజేలు వాటిని గుర్తుపట్టక, జనం ఎదుట నిన్ను నిలువునా నిలబెడతాయి.

ఓరుగల్లు_బీటు:
ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. చిన్న సవరణ: నేను తమ్ముణ్ని కాదండి, చెల్లెల్ని. సౌండ్‌కార్డు సంగతి ఏ దుకాణంలోనూ చెప్పలేదు, నాకు చూపించిన పది వేల పెట్టెలో హెడ్‌ఫోన్ రంధ్రమే లేదని ఇప్పుడు ఫొటో చూస్తే తెలిసింది. మరో సందేహం. నా దగ్గర మంచి బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లు ఉన్నాయి. వాటితోనే నెట్టుకు రావచ్చా?

రాత్రి_పది:
క్షమించు చెల్లెమ్మా. అలవాటుగా రాసేశాను.

ఉచితం_చాలు:
బ్లూటూత్ పనికిరాదండి, లెక్క వేసి చూస్తే కారణం మీకే తెలుస్తుంది. నిమిషానికి 128 బీట్లున్న పాటలో ఒక బీటుకూ మరో బీటుకూ మధ్య సుమారు 469 మిల్లీసెకన్లు ఉంటాయి. మామూలు బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికి 100 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం కావచ్చు. అంటే మీరు హెడ్‌ఫోన్‌లో వింటున్న దెబ్బ అసలు దెబ్బకన్నా మూడో వంతు బీటు వెనకబడి ఉండవచ్చు. దాన్ని నమ్మి మీరు సరిగ్గా కలిపామనుకున్న రెండు పాటలు బయట తలో దారినా పోతాయి. బ్లూటూత్ స్పీకర్లకూ ఇదే వర్తిస్తుంది.

ఇక నా అభిప్రాయం కొంచెం వేరు. నలభై వేలూ తీసి ఇవాళే ఖర్చు పెట్టవద్దంటాను. మిక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, పేరు చివర మూడు ఎక్స్‌లతో రాస్తారు. అది పూర్తిగా ఉచితం, దాని కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. కీబోర్డు, మౌస్‌తోనే మూడు వారాలు సాధన చేయండి. పాటలో ఎనిమిది, పదహారు, ముప్పై రెండు బీట్ల దగ్గర మలుపులు ఎలా వస్తాయో, చరణం ఎక్కడ ముగిసి మ్యూజిక్ ఎక్కడ మొదలవుతుందో వేళ్ల మీద లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి. ఆ లెక్క వంటబట్టాక కొన్న పరికరం అలమరలో మూలపడదు. నా స్నేహితుల దగ్గర మూలపడి ఉన్న కంట్రోలర్లు నాకు తెలిసి నాలుగు ఉన్నాయి. వాటిలో రెండు నేను సగం ధరకు కొన్నవే అనుకోండి.

రాత్రి_పది:
మౌస్‌తో మిక్సింగ్ నేర్చుకోవడం ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకోవడం వంటిదని నా ఉద్దేశం. ఎడమ చేత్తో ఒక ఫేడర్ (జరిపే మీట) దించుతూ కుడిచేత్తో రెండో బేస్ ఎత్తడం మౌస్‌తో ఎలా కుదురుతుంది?

ఉచితం_చాలు:
కుదరదు, ఒప్పుకుంటాను. నేను చెప్పింది చేతుల సాధన గురించి కాదు, చెవి సాధన గురించి. బీట్లు లెక్కపెట్టడానికి, పాటలు ఎంచుకోవడానికి, వాటిని వరుస పెట్టుకోవడానికి ఫేడర్ అక్కర్లేదు.

నల్లరికార్డు:
అమెరికాలో ఎడిసన్ నుంచి రాస్తున్నాను. నాది పాతకాలపు పద్ధతి, టర్న్‌టేబుళ్ల (రికార్డు ప్లేయర్ల) మీద నేర్చుకున్నాను. అసలు రెండు డెక్‌లు (పాట వాయించే భాగాలు) ఎందుకనే ప్రశ్నకు జవాబు ఇక్కడికి దగ్గర్లోనే పుట్టింది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ వాయించిన విందును హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. పాటలో గొంతు ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే చిన్న ముక్కకు జనం ఎక్కువగా ఆడుతున్నారని గమనించి, ఒకే రికార్డు రెండు ప్రతులను రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి ఆ ముక్కనే మళ్లీ మళ్లీ సాగదీయడం ఆయన పద్ధతి. మీ కంట్రోలర్‌లో లూప్ బటన్ ఒక్క నొక్కుతో చేసే పని అదే.

టర్న్‌టేబుల్ కొనమని మాత్రం నేను చెప్పను. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 వంటి డైరెక్ట్ డ్రైవ్ (మోటారే నేరుగా పళ్లెాన్ని తిప్పే) యంత్రాలు నేటికీ పనిచేస్తున్నాయి గాని, ఒక్కొక్కటి సుమారు పది కిలోలు ఉంటుంది, రెండు కావాలి, మిక్సర్ వేరే కొనాలి, సూదులు అరిగిపోతుంటాయి. పైగా ఇవాళ్టి తెలుగు పాటలు రికార్డుల మీద దాదాపుగా రావు. అయితే ఆ యంత్రం నేర్పిన ఒక పాఠాన్ని కంట్రోలర్ మీద కూడా పాటించవచ్చు. సింక్ బటన్ (రెండు పాటల వేగాన్ని తనే కలిపేది) మీద కాగితం ముక్క అంటించి కనీసం రెండు నెలలు చెవితో బీట్లు కలపండి. 120 బీట్ల పాటను 128కి తేవాలంటే వేగం సుమారు 6.7 శాతం పెంచాలి. ఆ కొలత ముందు వేలికి తెలియాలి. అందుకే కొనేటప్పుడు టెంపో ఫేడర్ (పాట వేగం మార్చేది) ఎంత పొడవుగా ఉందో చూడండి. బొటనవేలంత ఫేడర్ మీద వెంట్రుకవాసి తేడా సరిచేయడం అసాధ్యం.

ఉచితం_చాలు:
చెవితో నేర్చుకోవాలనుకునేవారికి హెర్క్యులిస్ వారి ఇన్‌పల్స్ 300 కూడా మంచిదే. జాగ్ వీల్ (పాటను ముందుకూ వెనక్కూ నెట్టే గుండ్రని చక్రం) పక్కన, టెంపో ఫేడర్ పక్కన బాణం గుర్తుల దీపాలు ఉంటాయి. పాట వెనకబడితే ఎటు తిప్పాలో, వేగం తక్కువైతే ఎటు జరపాలో అవి చూపిస్తాయి. సింక్‌లా పని తనే చేసిపెట్టదు, పక్కన కూర్చున్న మాస్టారిలా దారి చూపిస్తుంది, అంతే. ఎఫ్ఎల్ఎక్స్4 కన్నా తక్కువలోనే వస్తుంది, సొంత సౌండ్‌కార్డూ ఉంది.

రాత్రి_పది:
చెవితో కలపడం గురించి పెద్దాయన చెప్పినదానికి మన పాటల సంగతి ఒకటి జోడించాలి. సింక్ మీద ఆధారపడినవారు మన దగ్గర తొందరగా దొరికిపోతారు. కంప్యూటర్‌లో చేసిన కొత్త పాటలకు బీట్ గీతలు సరిగ్గానే పడతాయి. పాత సినిమా పాటలు మనుషులు వాయించినవి కాబట్టి పల్లవికీ చరణానికీ మధ్య వేగం కాస్త అటూ ఇటూ అవుతుంది. సాఫ్ట్‌వేర్ మొదటి బీటు దగ్గర గీత గీసి అదే దూరంతో చివరిదాకా గీసుకుంటూ పోతే, రెండో చరణానికల్లా గీత ఒకచోట, దెబ్బ ఒకచోట ఉంటాయి. రికార్డ్‌బాక్స్‌లో విశ్లేషణను నార్మల్ నుంచి డైనమిక్‌కు మార్చితే కొంత నయం.

తీన్మార్ ఇంకో రకం తలనొప్పి. దాని నడక మూడేసి దెబ్బల గుంపులుగా సాగుతుంది కాబట్టి మనం 140గా కాలు కదిపే పాటను సాఫ్ట్‌వేర్ 93 అని చూపించవచ్చు. రెంటి నిష్పత్తీ మూడుకు రెండు. ఆ అంకెను నమ్మి సింక్ నొక్కితే బరాత్ మధ్యలో పాట ఉన్నట్టుండి నీరసించిపోతుంది, పెళ్లికొడుకు స్నేహితులు అందరూ ఒక్కసారిగా నీ వైపు తిరుగుతారు. ఆ చూపు నేను ఒకసారి చూశాను, చాలు. అప్పటినుంచి తీన్మార్ పాటలకు అంకెలు నేనే చేత్తో తట్టి నమోదు చేసుకుంటాను.

ఓరుగల్లు_బీటు:
మా ఇంటి పక్క సందులో బోనాలకు డప్పు విని పెరిగినదాన్ని కాబట్టి ఆ నడక నాకు కాళ్లతో తెలుసు, అంకెల్లో తెలియదు. ఇవన్నీ రాసి పెట్టుకుంటున్నాను. స్పీకర్ల సంగతి కూడా చెప్పండి. దుకాణంలో పన్నెండు అంగుళాల స్పీకర్ల జత తీసుకోమన్నారు.

కోఠి_కేబుల్:
తీసుకోవద్దు. అమ్మేవాడు అమ్ముతాడు గాని, వాటిని మీరు ఎక్కడ మోగిస్తారు? శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లే పెట్టకూడదు. పైన ఒకాయన తన పేరు అందుకే అలా పెట్టుకున్నారనుకుంటాను. సాధనకు నాలుగైదు అంగుళాల చిన్న మానిటర్ స్పీకర్లు, అవి కూడా యాంప్లిఫయర్ లోపలే ఉన్నవి చాలు. ఇప్పటికిప్పుడు అవీ లేకపోయినా ఇంట్లోని పాత హోమ్ థియేటర్‌కు ఆర్‌సీఏ తగిలించి పని నడిపించవచ్చు. పెళ్లికి బాక్సులు, టాప్స్, యాంప్లిఫయర్లు మా వంటివాళ్లం తెస్తాం.

దీనికన్నా ముఖ్యమైనది ఎర్తింగ్. కొత్తవారిలో చాలామంది ఫోన్ చేసి, స్పీకర్లలో 'గుయ్' మని ఒకటే రొద వస్తోంది, కంట్రోలర్ పాడైందంటారు. లాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడమంటాను, రొద ఆగిపోతుంది. పాత ఇళ్లలో గోడకు మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది గాని, పై రంధ్రం వెనుక తీగ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ తీగ కలిపించండి, లాప్‌టాప్‌నూ స్పీకర్లనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టండి. ప్లగ్గులోని లావు పిన్నును విరగ్గొట్టి రొద ఆపే వీరులు కొందరున్నారు. ఆ పని ప్రాణాల మీదికి తెస్తుంది.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఒక సంగీత్‌లో డీజే తెచ్చిన ఆర్‌సీఏ కేబుల్ పొట్టిదని, అప్పటికప్పుడు మరో కేబుల్ అతికి పదిహేను మీటర్లు లాగాం. మధ్యలో లైటింగ్ వాళ్ల తీగలు దాన్ని దాటుతున్నాయి. దీపాలు మినుకుమన్నప్పుడల్లా స్పీకర్లు చిటపటలాడాయి. ఆర్‌సీఏ అన్‌బ్యాలెన్స్‌డ్ కేబుల్, అంటే బయటి రొదను ఆపలేనిది, రెండు మూడు మీటర్లకు మించి లాగకూడదు. దూరం ఉంటే డీఐ బాక్స్ (శబ్దాన్ని రొద పట్టని రకంగా మార్చే పెట్టె) పెట్టి అక్కడినుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ లాగాలి. అప్పుడు నా దగ్గర డీఐ బాక్స్ లేదు, తప్పు నాదే. ఇప్పుడు సంచిలో మూడు ఉంటాయి.

రాత్రి_పది:
నా సంచిలో ఏముంటాయో నేనూ చెబుతాను. ఆర్‌సీఏ నుంచి 6.35 మిల్లీమీటర్ల పిన్నులకు మారే కేబుళ్లు రెండు జతలు, అదనపు యూఎస్‌బీ కేబుల్, గంట నిడివి మిక్స్ దాచి పెట్టుకున్న పాత ఫోన్. లాప్‌టాప్ బిగుసుకుపోతే దాన్ని మళ్లీ తెరిచేదాకా ఆ ఫోనే పరువు కాపాడుతుంది. విండోస్‌లో నోటిఫికేషన్లు, అప్‌డేట్లు, స్లీప్ మూడూ ఆపేయాలి, లేకపోతే పెళ్లికూతురు వేదిక ఎక్కే క్షణంలో 'టింగ్' మని మెయిల్ వచ్చిన చప్పుడు హాలంతా వినిపిస్తుంది. కంట్రోలర్ కంపెనీ సైట్ నుంచి ఆసియో డ్రైవర్ (శబ్దం ఆలస్యం కాకుండా చూసే సాఫ్ట్‌వేర్) వేసుకోవాలి. శబ్దం తెగుతుంటే బఫర్ (శబ్దాన్ని ముందుగా కొంత దాచుకునే చోటు) కాస్త పెంచాలి. మైక్ రంధ్రం నీ పరికరంలో ఉన్నా దాన్ని వాడకు, మైకును సౌండ్ వాళ్ల మిక్సర్‌కే ఇచ్చేయి. పెళ్లికూతురి మేనమామ మైకు అందుకున్నాక ఆయన గొంతును అదుపు చేయడం నీ పని కాకూడదు.

పాటల ఫైళ్లు 320 కేబీపీఎస్ ఎంపీ3 కంటే తక్కువ ఉండకుండా చూసుకో. నాలుగు నిమిషాల పాటకు పది ఎంబీ లోపే అవుతుంది. వీడియోల నుంచి పీకిన ఫైళ్లు ఫోన్‌లో బాగానే ఉన్నట్టుంటాయి, పెద్ద బాక్సుల్లో తాళాల మోత రేకు మీద గీసినట్టు వినిపిస్తుంది. ఆన్‌లైన్ స్ట్రీమింగ్‌ను ఫంక్షన్ హాల్లో నమ్ముకోవద్దు. ఐదు వందల మంది ఫోన్లు తీశాక అక్కడ నెట్‌వర్క్ ఉండదు.

చెవులు_జాగ్రత్త:
విశాఖపట్నంలో వినికిడి పరీక్షలు చేస్తుంటాను. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు భరించదగిన పరిమితిగా లెక్కిస్తారు, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ వద్ద పావుగంటే. అందుకే బయటి శబ్దాన్ని బాగా ఆపే, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ కొనండి. బయటి మోత లోపలికి వస్తే దాన్ని మించాలని వాల్యూమ్ పెంచుతూ పోతారు, మా దగ్గరికి వచ్చే డీజేలలో క్యూ వినే చెవే ముందు దెబ్బతిని ఉండటం తరచు చూస్తున్నాను.

నల్లరికార్డు:
హెడ్‌ఫోన్ విషయంలో సెన్‌హైజర్ హెచ్‌డీ 25ను చాలామంది ఎంచుకోవడానికి కారణం, బరువు తక్కువ, ఒక చెవిని పక్కకు తిప్పుకోవచ్చు, పాడైన భాగాన్ని విడిగా కొని మార్చుకోవచ్చు. అంత పెట్టలేకపోతే ఆడియో-టెక్నికా ఎం40ఎక్స్ కూడా సరిపోతుంది.

ఓరుగల్లు_బీటు:
నెలన్నర తరువాత మళ్లీ రాస్తున్నాను. ముందు మూడు వారాలు ఉచిత సాఫ్ట్‌వేర్‌తో బీట్లు లెక్కపెట్టాను. బస్సులో వెళుతూ కూడా వేళ్లు కదుపుతుంటే పక్కన కూర్చున్నావిడ జపం చేస్తున్నాననుకుంది. తరువాత హైదరాబాద్ వెళ్లి కోఠిలోని గుజరాతీ గల్లీలో, ఆపైన ఇద్దరు వ్యక్తుల దగ్గర వాడిన పరికరాలు చూశాను. 2018లో వచ్చిన డీడీజే-400లు రెండు దొరికాయి. దీనికీ రికార్డ్‌బాక్స్ ఉచితంగానే తెరుచుకుంటుందని మా అన్నయ్య స్నేహితుడు చెబితే, కలిపి చూసి నిర్ధారించుకున్నాను.

మొదటిదానిలో హెడ్‌ఫోన్ పిన్నును కాస్త కదిపితే ఎడమ చెవిలో శబ్దం పోయి వస్తోంది. క్రాస్‌ఫేడర్‌ను (ఒక పాట నుంచి మరోదానికి మార్చే అడ్డ మీటను) పూర్తిగా కుడికి జరిపినా ఎడమ పాట సన్నగా వినిపిస్తూనే ఉంది. వద్దని వచ్చేశాను. రెండోదానిలో ప్రతి నాబ్‌నూ తిప్పుతూ, ప్రతి ప్యాడ్‌నూ నొక్కుతూ అరగంట కూర్చున్నాను. ప్లే బటన్ మీది గుర్తు అరిగిపోవడం తప్ప లోపం కనబడలేదు. పదిహేడు వేలకు తీసుకున్నాను. హెడ్‌ఫోన్‌లు, కేబుళ్లు, చిన్న మానిటర్ల జత కలిపి ముప్పై ఏడు వేలలో అన్నీ వచ్చాయి. మిగిలిన మూడు వేలలో కొంత ఎర్తింగ్ తీగకు పోయింది. మా గోడ సాకెట్ వెనుక కూడా తీగ లేదండి.

సింక్ బటన్ మీద బొట్టుబిళ్ల అంటించాను. నిన్న మొదటిసారి ఇరవై నిమిషాల మిక్స్ రికార్డు చేశాను. ఏడో నిమిషం దాకా బాగానే ఉంది, అక్కడినుంచి రెండు పాటలు కవాతులో కాలు తప్పిన ఇద్దరిలా నడిచాయి. ఎంత విన్నా ఏది ముందు పోతోందో, ఏది వెనకబడుతోందో తేల్చుకోలేకపోతున్నాను.

నల్లరికార్డు:
ఆ చోట రెండు పాటల బేస్, మిడ్ పూర్తిగా తగ్గించి, హై మాత్రమే ఉంచి వినండి. తాళాల చప్పుడులో తేడా తొందరగా దొరుకుతుంది. అప్పటికీ తెలియకపోతే రెండో పాట జాగ్ వీల్‌ను కావాలనే కాస్త వెనక్కి లాగండి. తేడా పెరిగితే అది అప్పటికే వెనకబడి ఉన్నట్టు, తగ్గితే ముందు పోతున్నట్టు.

రాత్రి_పది:
ఏడో నిమిషంలో ఏ పాటలోంచి ఏ పాటకు మారావు చెల్లెమ్మా? రెండోది తీన్మార్ అయితే ముందు దాని అంకె 93 చూపిస్తోందేమో చూడు.